సంచిలోని రాయి

పంట పండుగ వచ్చిందంటే మన సంఘాల్లో సందడే వేరు. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, ఎటు చూసినా వేదిక ముందు కానుకగా తెచ్చిన వడ్ల బస్తాలు, కందులు, గుమ్మడికాయలు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, తర్వాత వేలం పాడతారు. మిగతా పంట ఏ కాంటా మీద అమ్ముడుపోయిందో మాత్రం ఎవరూ అడగరు. నాకు బాధ కలిగేది అక్కడే.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం, 13 నుంచి 16 వరకు మళ్లీ ఒకసారి నిదానంగా చదవండి. హెచ్చుతగ్గుల తూనిక రాళ్లు నీ సంచిలో ఉండకూడదు, హెచ్చుతగ్గుల తూములు నీ ఇంట ఉండకూడదు అన్నాడు దేవుడు. కొనేటప్పుడు బరువు రాయి, అమ్మేటప్పుడు తేలిక రాయి. బేరం ఇంకా మొదలు కాలేదు, మోసపోయే మనిషి ఇంకా అంగడికే రాలేదు. రాయి సంచి అడుగున చప్పుడు లేకుండా పడి ఉంది. అయినా ఆజ్ఞ అప్పటికే దాని దగ్గరికి వచ్చేసింది! గవిని దగ్గర, అంటే ఊరి ద్వారం దగ్గర కూర్చున్న పెద్దలు తగవు తీరుస్తారు గానీ పక్కింటి సంచిలో చెయ్యి పెట్టి చూడరు కదా. అక్కడ చూసేది ఆయన ఒక్కడే. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. వాడుకుందామని మనం ఏం దాచిపెట్టుకున్నామో కూడా ఆయన లెక్కలోకి వస్తుంది.

మా నాన్నకు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఇనుప గుండ్ల అడుగున సీసం పోసి, దాని మీద తూనికల శాఖ వాళ్లు ముద్ర కొట్టేవాళ్లు. ఒకసారి అరకిలో గుండుకు ఆ సీసం ఊడిపోయింది. పైనుంచి చూస్తే ఏమీ తేడా తెలియదు. గుండు తిరగేసి చూసే గిరాకీ ఎవరుంటారు? పాత ఇనుము కింద అమ్మేద్దామని అమ్మ అంటే నాన్న ఒప్పుకోలేదు. "కొన్నోడు మళ్ల తూకానికే వాడుతడు. మనింట్ల ఉంటె ఎప్పుడో ఒకరోజు నా చెయ్యే దాని మీదికి పోతది" అని వాకిట్లో బండ మీద పెట్టి సమ్మెటతో పగలగొట్టాడు. ఆయన సండే స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి కాదు, సాక్ష్యానికి లేచి నిలబడటం కూడా నేను చూడలేదు.

ఇప్పుడు మన సంగతి. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారని, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదని అందరికీ తెలుసు. అయినా ఇంటికొచ్చి కొనే వ్యాపారి ఉన్నాడు కదా అని, చీకటి పడ్డాక పత్తి మీద నీళ్లు చల్లి, తొక్కి బోరాలు నింపేవాళ్లు ఉన్నారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ వ్యాపారి కాంటాలో దొంగతనం చేస్తాడన్నదీ నిజమే. వడ్ల దగ్గర తరుగు పేరుతో రైతు కడుపు కొట్టడమూ నిజమే, దాని మీద గట్టిగా కొట్లాడాల్సిందే. కానీ వాడి దొంగ కాంటాకు మన దొంగ నీళ్లు జవాబా? ఆమోసు 8:5లో దేవుడు ఎవరిని గద్దించాడో చూడండి. విశ్రాంతి దినం మానినవాళ్లను కాదు. విశ్రాంతి దినాన ఊరికే కూర్చుని, ఇది ఎప్పుడు అయిపోతుందా, దొంగత్రాసుతో ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసినవాళ్లను. ఆరాధనలో కూర్చునే మనస్సు కొట్టు తెరిచిందన్నమాట!

అందుకే బతిమాలి అడుగుతున్నాను. పెద్దలారా, యవ్వనస్థులారా, ఈసారి కానుక బస్తా కుట్టే ముందు ఇంట్లో ఒకసారి వెతకండి. కొట్టు ఉన్నవాళ్లు గుండు తిరగేసి చూడండి. కానుకల లెక్క రాసే అన్నలు, ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాకే పుస్తకంలో ఎక్కించండి. కూలీల హాజరు రాసే అక్కలు, రాని మనిషి పేరు పక్కన టిక్కు పెట్టకండి. రాత్రి పత్తి దగ్గర నీళ్ల బిందె ఉంటే, అది తీసుకెళ్లి పశువుల తొట్టిలో పోయండి.