అక్క నోటు పుస్తకం

పొద్దున ఏడింటికే పొదుపు సంఘం అక్కతో బస్తీలోకి వెళ్ళాను. వాంతులు, విరేచనాలు మొదలై ఇది తొమ్మిదో రోజు. పైనుంచి వచ్చిన, జబ్బుపడ్డవాళ్ళ లిస్టులో ఏడు పేర్లున్నాయి. ఐదుగురికి చిరునామా ఒకటే: 'కుళాయి దగ్గర'. అక్కడ కుళాయిలు మూడు.

అక్క నవ్వి తన నోటు పుస్తకం తీసింది. పొదుపు డబ్బులు రాసుకునే పుస్తకం. ఎవరి గుడిసె ఎక్కడ, ఎవరు ఊరెళ్ళారు, ఎవరింట్లో పసిపిల్లలున్నారు, అన్నీ అందులోనే. గంటలో ఏడుగురినీ చూపించింది, లిస్టుకెక్కని మరో నలుగురినీ. ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది మురుగు కాలువ పక్క కుళాయి నీళ్ళే పట్టుకుంటున్నారు.

పోయిన వారం పంచిన క్లోరిన్ బిళ్ళలు చాలా ఇళ్ళలో అలాగే ఉన్నాయి. 20 లీటర్లకు ఒక బిళ్ళ, అరగంట ఆగి తాగండి అని చెప్పి వచ్చేశాను. మీ బిందెలో ఎన్ని పడతాయని అడగనే లేదు. ఒకావిడ చిన్న బిందెలో వేసి, వాసనకు తాగలేక పారబోసిందట. తప్పు నాదే. ఇవాళ లీటరు సీసాతో నీళ్ళు కొలిచి పోస్తూ డ్రమ్ములకు 20 దగ్గర గీతలు పెట్టాం. చేతులు పడిపోయాయి.

ఒక పాప నీరసంగా పడుకుని ఉంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అయిపోయాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూనును వేలితో చదును చేసి మరీ వేసింది అక్క. గుక్కగుక్కగా తాగిస్తూనే ఆసుపత్రికి పంపించాం. అప్పటిదాకా నాకు ఒకటే టెన్షన్.

ఇంటికొచ్చాక వైట్‌హెడ్ గుర్తొచ్చాడు. 1854లో లండన్ సోహోలో కలరా వస్తే, దానికి బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళే కారణమని చెప్పిన డాక్టర్ జాన్ స్నో పేరే అందరికీ తెలుసు. అక్కడి చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్‌కు మొదట ఆ మాట మీద నమ్మకం లేదు. కాదని నిరూపిద్దామనే ఇల్లిల్లూ తిరిగాడు. చివరికి 40వ నంబరు ఇంట్లో, జబ్బుపడ్డ పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్ళు బావి పక్కనే ఉన్న గుంటలో పోశారని కనిపెట్టింది ఆయనే. ఆ వీధి వాళ్ళు ఆయనకు తెలిసినవాళ్ళు మరి.

పదింటికి అక్క ఫోన్. పన్నెండో పేరు. రాసుకున్నాను, ఏ కుళాయో కూడా అడిగి.