వెళ్ళేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే

సింగపూర్ చాంగి విమానాశ్రయం నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఎక్కడా ఆగకుండా వెళ్ళే సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కాలని నాకు చాలాకాలంగా కోరిక. ఇప్పటికి ప్రపంచంలో ప్రయాణికులను క్రమం తప్పకుండా ఇంత దూరం ఏకబిగిన తీసుకెళ్ళే సర్వీసు ఇంకోటి లేదు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 15,349 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడైనా దిగి వేరే విమానం మారితే టికెట్ బాగా తక్కువలో వస్తుంది. అయినా న్యూయార్క్‌లో పని పడగానే దీనికే బుక్ చేసుకున్నాను. ఏ దారిన తీసుకెళ్తారో కళ్ళారా చూడాలని.

దారి కోసం అంత ఆరాటం ఎందుకంటే, ఈ రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. చాంగి ఉన్నది 104 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, జేఎఫ్‌కే ఉన్నది 74 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర. రెండూ కలిపితే 178. గ్లోబు మీద ఈ రెండు చోట్ల మధ్య ఒక దారం బిగించి పట్టుకుంటే అది ఉత్తర ధ్రువానికి కాస్త పక్కనుంచి పోతుంది. అన్నిటికంటే దగ్గర దారి అదే: పైకంటా ఎక్కి, అవతలి వైపు దిగడం. కానీ విమానం మామూలుగా ఆ దారిన వెళ్ళదు. పసిఫిక్ మీదుగా చుట్టు తిరిగి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎక్కువ ప్రయాణించి, అంతకంటే తొందరగా చేరుతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మాది అర్ధరాత్రి విమానం. ఎయిర్‌బస్ ఏ350-900లో ప్రత్యేకంగా ఈ దూరాల కోసం చేసిన రకం, ఇలాంటివి మొత్తం ఏడే తయారయ్యాయి. మామూలు ఏ350-900లో 1,41,000 లీటర్ల ఇంధనం పడితే ఇందులో 1,65,000 లీటర్లు పడుతుంది. అంత బరువు మోయాలి కాబట్టి మిగతావన్నీ తగ్గించారు. ముందువైపు సామాన్ల అర వాడరు. సీట్లు 161 మాత్రమే, ఎకానమీ క్లాసు అసలు లేదు. ప్రీమియం ఎకానమీ సీట్లు 94, మిగతా 67 బిజినెస్ క్లాసువి. ఇదే సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో నాలుగు ఇంజన్ల ఏ340-500తో న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూవార్క్‌కి ఇలాగే నడిపింది. ఆ ఇంజన్లు తాగే ఇంధనం ఖర్చు భరించలేక 2013లో ఆపేసింది. రెండింజన్ల ఈ విమానం వచ్చాక 2018లో మళ్ళీ మొదలైంది, 2020 నవంబరులో జేఎఫ్‌కేకి మారింది.

నేను అడిగి మరీ తీసుకున్నది వెనక కొసన కిటికీ పక్క సీటు. విమానం తోకవైపు సన్నబడే చోట రెండు సీట్లు పట్టవు, అందుకని చివరి వరసల్లో ఒక్కొక్కటే ఉంటుంది. సీటుకూ గోడకూ మధ్య చిన్న పెట్టె ఒకటి, మూత తీస్తే బ్యాగు, బూట్లు అందులో పట్టేస్తాయి. లేచేటప్పుడు ఎవర్నీ కదిలించక్కర్లేదు. పద్దెనిమిది గంటల ప్రయాణంలో దీని విలువ ఎంతో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి కూడా ఆరు వేల అడుగుల ఎత్తున ఉన్నంతే ఉంటుంది, పాత విమానాల్లో అది ఎనిమిది వేల దాకా పోయేది. నాకు ఎప్పుడూ వచ్చే తలనొప్పి ఈసారి రాలేదు.

భోజనం ముగించి కాస్త కునుకు తీసి లేచేసరికి స్క్రీన్ మీద మ్యాపులో విమానం బొమ్మ జపాన్‌కి దక్షిణంగా ఉంది. కిటికీ తెర కొంచెం ఎత్తితే సన్నగా వెలుగు. నేను ఎదురుచూస్తున్నది స్క్రీన్ మీద మ్యాపు పక్కన కనిపించే వేగం అంకె కోసం. నేల లెక్కన వేగం మామూలుగా గంటకు 900 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. అది మెల్లగా 1,000 దాటింది, తర్వాత 1,100 దాటింది. ఇంజన్ల శబ్దంలో ఏ మార్పూ లేదు. పడమటి నుంచి తూర్పుకి పారే జెట్ స్ట్రీమ్‌లోకి వచ్చాం, గాలే మమ్మల్ని తోసుకుపోతోంది. జపాన్ దగ్గర ఈ గాలి మహా జోరుగా ఉంటుంది. దాన్ని మొదట కొలిచినవాడు కూడా అక్కడివాడే, వసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త. 1920లలో బెలూన్లు ఎగరేసి పైగాలుల లెక్కలు రాసుకున్నాడు. ప్రపంచమంతా చదవాలని ఆ నివేదికను, అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పరాంటో భాషలో ప్రచురించాడు, దాంతో దాదాపు ఎవరూ చదవలేదు. పాపం, ఆయన్ని తలుచుకోకుండా ఉండలేకపోయాను.

గాలి రోజూ ఒకే చోట పారదు కాబట్టి పసిఫిక్ మీద దారులు కూడా రోజూ కొత్తగా వేస్తారు. నిన్నటి విమానం వెళ్ళిన దారినే ఇవాళ్టిదీ వెళ్తుందని లేదు. ఆ ప్రవాహం అంచుల్లో కుదుపులు ఎక్కువ. మాకూ తగిలాయి, సీట్ బెల్ట్ దీపం వెలిగింది, కాఫీ ఇవ్వడం ఆపేశారు. పక్క వరసలో ఒక పెద్దావిడ బాగా టెన్షన్ పడింది. ఎయిర్ హోస్టెస్ వచ్చి కాసేపు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడింది.

సముద్రం మధ్యలో రెండింజన్లలో ఒకటి ఆగిపోతే? మిగిలిన ఒక్క ఇంజన్‌తో అనుమతించిన సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఉత్తర పసిఫిక్‌లో అలాంటి చోట్లలో అలాస్కాలోని కోల్డ్ బే ఒకటి. చాలా చిన్న ఊరు, రన్‌వే మాత్రం మూడు కిలోమీటర్ల పైనే. రెండో ప్రపంచ యుద్ధంలో వేసిన స్థావరం అది.

పగలు త్వరగా అయిపోయింది. సూర్యుడికి ఎదురెళ్తున్నాం కాబట్టి తెల్లవారిన ఏడెనిమిది గంటలకే మళ్ళీ చీకటి పడింది. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటి తేదీ ఒకటి వెనక్కి వెళ్ళింది. కెనడా అంతా రాత్రే, అక్కడక్కడా దీపాల గుంపులు తప్ప ఏమీ కనపడలేదు. పైలట్లు నలుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు. ఇంధనం కరిగి విమానం తేలికయ్యే కొద్దీ మెట్లు మెట్లుగా పైకి తీసుకెళ్ళారు, బయల్దేరినప్పటి కంటే ఇప్పుడు చాలా ఎత్తులో ఉన్నాం. జేఎఫ్‌కేలో దిగేసరికి తెల్లవారుతోంది, అదీ మేం బయల్దేరిన తేదీనే.

తిరుగు ప్రయాణంలో వచ్చిన దారినే, ఎదురుగాలిలో వెళ్తామనుకుంటారు ఎవరైనా. అలా జరగలేదు. న్యూయార్క్‌లో రాత్రి బయల్దేరి అట్లాంటిక్ మీదకు, అంటే మళ్ళీ తూర్పుకే తిరిగాం. అక్కడా వెనకనుంచే గాలి. ఐరోపా, ఆసియా దాటుకుంటూ గడియారాన్ని గంట గంటగా ముందుకు జరుపుకుంటూ పోయాం, దినరేఖ దగ్గర కలిసొచ్చిన రోజంతా అలా తిరిగి కట్టేశాం. గురువారం రాత్రి ఎక్కినవాళ్ళం శనివారం తెల్లవారుజామున చాంగిలో దిగాం. పాస్‌పోర్టు మీద కనిపించేది రెండు దేశాలే గానీ, భూమి చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చాం.