తాళంచెవి ఇచ్చాక మొదలయ్యే పని

తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం ఇళ్లు కట్టి, తక్కువ అద్దెకిచ్చే ఒక నాన్‌ప్రాఫిట్ సంస్థలో పనిచేస్తున్నాను. "ఓహో, ఇళ్లు కట్టిస్తారా!" అంటారు విన్నవాళ్లు. కట్టడం, అర్హులను ఎంపిక చేయడం నా దాకా రాకముందే అయిపోతాయి. తాళంచెవి చేతికిచ్చిన మర్నాటి నుంచి నా పని. ఆ ఇంట్లో చేరినవాళ్లు అక్కడే ఉండగలిగేలా చూడటం. నిధులు తగ్గిన ప్రతిసారీ ముందుగా కోత పడేది ఈ ఉద్యోగాలకే. అందుకే ఇది రాస్తున్నాను.

ఉన్న ఇల్లు ఒక్కరోజులో చేజారదు. అద్దె ఆగకముందే గుర్తులు కనిపిస్తాయి. లెటర్ బాక్స్ నిండిపోయి ఉంటుంది. కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషికి తలుపు తీయరు. రోజూ కింద కూర్చుని కబుర్లు చెప్పే మనిషి మెట్ల దగ్గర ఎదురైతే తలొంచుకుని వెళ్లిపోతారు.

మా భవనంలో ఒక పెద్దాయన అలాగే అయ్యారు. భార్య పోయి కొన్ని నెలలైంది. ఏటా ఆదాయం వివరాలు రాసివ్వాల్సిన ఫారం ఆయన ఇవ్వలేదు. ఫారం అందకపోతే రాయితీ ఆగిపోతుంది, పూర్తి అద్దె లెక్కకొస్తుంది. ఆయనేమో ఎప్పటిలాగే పాత అద్దే కడుతున్నారు. మిగతాదంతా బకాయి కింద పేరుకుంటోంది. ఆఫీసు రికార్డులో ఆయన "అద్దె ఎగవేసిన వ్యక్తి". పాత అద్దెను నెల తప్పకుండా కట్టిన మనిషి!

వాళ్లింటికి వెళ్లి బల్ల మీద కవర్లన్నీ పరిచి, తేదీల వరుసలో ఒక్కొక్కటీ విప్పాం. "ఇవన్నీ ఆవిడే చూసుకునేదమ్మా" అన్నారు. ఆ కవర్లలోనే పెన్షన్ ఆఫీసు ఉత్తరం ఒకటుంది. భార్య మరణానంతరం ఆయనకు రావాల్సిన సొమ్ముకు సంతకం చేసి పంపమని. ఆదాయం ఫారం నింపాం, సంతకాలు పెట్టించాను, ఆఫీసులో మాట్లాడాను. రాయితీ మళ్లీ మొదలైంది. మిగిలిన బకాయి నెలకు కొంత చొప్పున కట్టేలా ఒప్పందం కుదిరింది. కోర్టు నోటీసు దాకా వెళ్లాల్సిన వ్యవహారం ఒక మధ్యాహ్నంలో తేలింది. కానీ ఆ మధ్యాహ్నం కూర్చోవడానికి జీతమిచ్చి పెట్టిన మనిషి ఒకరు ఉండాలి కదా.

అద్దె తక్కువైతే చాలు, అన్నీ సర్దుకుంటాయని చాలామంది నమ్మకం. అద్దెను ఎలా నిర్ణయిస్తారన్నది చూస్తే ఆ నమ్మకం నిలబడదు. అమెరికా సంగతే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ గృహాల్లో అద్దె కుటుంబ ఆదాయంలో 25 శాతం దాటకూడదని సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణ 1969లో చట్టమైంది. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. అది అద్దెదారు సొంత ఆదాయం మీద వేసే లెక్క. తక్కువ అద్దె ఇళ్లకు పెట్టుబడి పెట్టేవాళ్లకు పన్ను తగ్గించే పథకం 1986లో వచ్చింది. దాని కింద కట్టే ఇళ్లలో లెక్క వేరు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని (సగం కుటుంబాలకు అంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ వచ్చే మొత్తాన్ని) బట్టి గరిష్ఠ అద్దె తేలుతుంది. అంటే అద్దెదారుకు పని గంటలు సగానికి తగ్గినా, విడిగా అద్దె రాయితీ లేకపోతే అద్దె మాత్రం అంతే ఉంటుంది. అక్కడ నాన్‌ప్రాఫిట్ సంస్థలు కట్టే ఇళ్లలో చాలా భాగం ఈ పథకం మీద ఆధారపడినవే. పని గంటలు తగ్గిన నెలలో ఆ ఇంటిని నిలబెట్టేది ఎవరు? అత్యవసర సాయం ఎక్కడ దొరుకుతుందో తెలిసి, దరఖాస్తు గడువులోపు పెట్టించే మనిషే.

ఇది కొత్త ఆలోచన కాదు. 1865లో లండన్‌లోని మేరిల్‌బోన్‌లో, రచయిత జాన్ రస్కిన్ డబ్బు పెట్టి తీసుకున్న మూడు పాత ఇళ్లతో, పేదల ఇళ్ల బాగు కోసం పనిచేసిన ఆక్టేవియా హిల్ తన పని మొదలుపెట్టారు. రస్కిన్ అడిగింది ఏటా 5 శాతం రాబడి. వారం వారం అద్దె వసూలుకు ఇంటింటికీ వెళ్లే పనికి ఆమె స్త్రీలను తయారుచేశారు. అద్దె కోసం వెళ్లినవాళ్లే కారే కప్పునూ, జబ్బుపడిన పిల్లనూ చూసొచ్చేవారు. మరమ్మతుల కోసం పక్కన పెట్టిన డబ్బు మిగిలితే దాన్ని దేనికి ఖర్చు చేయాలో అద్దెదారులే చెప్పవచ్చు. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. అయితే బకాయి విషయంలో ఆమె కఠినం, కట్టనివాళ్లను ఖాళీ చేయించేవారు. అక్కడ ఆమెతో ఏకీభవించలేను. బకాయి వెనక కారణం వెతకడం నుంచే నా పని మొదలవుతుంది.

ఫిన్లండ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2008లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, ఇల్లు లేనివాళ్లు రాత్రిపూట తలదాచుకునే హాస్టళ్లను అద్దె ఫ్లాట్లుగా మార్చారు. చేరినవాళ్లకు సొంత అద్దె ఒప్పందం, సొంత తలుపు. అవసరమైనవాళ్లకు సాయం చేసే సిబ్బంది అదే భవనంలో ఉంటారు. ముందు తాగుడు మానాలి, తర్వాత ఇల్లిస్తాం అనే షరతు లేదు. 1985లో ఏర్పడిన వై ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ అక్కడ ఫ్లాట్లు సమకూర్చి, ఇలాంటివాళ్లకు అద్దెకిస్తోంది.

మరి ఇబ్బంది ఎక్కడ? డబ్బు వచ్చే దారుల్లో. భవనానికి బ్యాంకు అప్పు, పన్ను రాయితీ, ప్రభుత్వ గ్రాంటు దొరుకుతాయి. నాలాంటివాళ్ల జీతాలు మాత్రం చాలాచోట్ల ఏడాదికో విరాళం మీద నడుస్తాయి. విరాళం ఆగితే ఆ ఉద్యోగమూ ఆగిపోతుంది. లిఫ్టు నిర్వహణకూ, బీమాకూ ఏటా బడ్జెట్‌లో కేటాయింపు ఉంటుంది కదా, ఈ జీతం కూడా ఆ వరుసలోనే ఉండాలంటాను. ఒక కుటుంబాన్ని ఖాళీ చేయిస్తే కోర్టు ఖర్చు, ఖాళీగా పడి ఉన్న నెలల అద్దె, రంగులు, మరమ్మతులు, కొత్తవాళ్ల పత్రాల పని, అన్నీ సంస్థ నెత్తినే పడతాయి. ఆ కుటుంబంలోని పిల్లలు బడి మారాల్సి రావడం ఏ లెక్కలోనూ రాదు.

మీరు ఇలాంటి సంస్థకు విరాళం ఇస్తున్నట్టయితే ఎన్ని ఇళ్లు కట్టారని మాత్రమే అడిగి ఊరుకోకండి. గత ఏడాది బకాయి వల్ల ఎంతమంది ఖాళీ చేశారో అడగండి. ఒక్కో సహాయకురాలి చేతిలో ఎన్ని ఇళ్లున్నాయో, ఆమె జీతం ఏ పద్దు నుంచి వస్తుందో అడగండి. మా దగ్గర వచ్చే ఏడాది బడ్జెట్ తయారవుతోంది. ఈ జీతాలను విరాళాల పద్దులోంచి భవన నిర్వహణ ఖర్చుల్లోకి మార్చమని రాసిచ్చాను. పెద్దాయన బకాయి పత్రాలు, పేరు తీసేసి, దానికి జత చేశాను.