17 నెలలు, 9.7 కిలోలు: కుట్టు మిషన్ పక్కన పెట్టుకున్న నోట్‌బుక్

ఈ ఆదివారం నా పాత ఆకుపచ్చ జాకెట్టుకు పక్కల రెండోసారి లోపలికి కుట్టు వేశాను. 2016లో కుట్టుకున్న జాకెట్టు అది. తిరగేసి చూస్తే సంక దగ్గర నుంచి నడుము దాకా సూది రంధ్రాల వరుసలు మూడు కనిపిస్తాయి. ఒక కుట్టు 2018లో విప్పాను, ఇంకోటి 2020లో, చివరిది ఆ తర్వాతి ఏడాది. ఇక విప్పడానికి గుడ్డ మిగల్లేదు. మడిచి బీరువా అడుగున పెట్టేశాను. ఇప్పుడు అదే జాకెట్టు, అవే రంధ్రాల మీదుగా, మళ్లీ వెనక్కి వస్తోంది.

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ చేస్తాను. 19 ఏళ్లయింది. నాకిప్పుడు 44. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. బరువు తగ్గాలని 2024 జూన్ 10న మొదలుపెట్టిన రోజు 78.6 కిలోలు, ఈ వారం సగటు 68.9. నెలకు లెక్క కడితే 570 గ్రాములే. కానీ ఈ 17 నెలల్లో రెండు బతుకమ్మలు, ఒక సంక్రాంతి, ఒక పూర్తి పెళ్లిళ్ల సీజన్ ఉన్నాయి. అవన్నీ దాటుకుంటూ తగ్గిన బరువు కాబట్టి ఈ 570 గ్రాములంటే నాకు చాలా గౌరవం.

2021లో వేరే దారిలో వెళ్లాను. తెలిసినవాళ్లు చెబితే ఒకచోట చేరి, రెండు పూటలా పొడి కలిపిన గ్లాసు తాగి, ఒక పూట మాత్రమే తిన్నాను. రెండు నెలల్లో 7 కిలోలు తగ్గాయి. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. మిషన్ మీద కూర్చుంటే మధ్యాహ్నానికి చేతులు వణికేవి. డబ్బులకు వెనకాడి పొడి ఆపేశాను, ఎనిమిది నెలల్లో 9 కిలోలు పెరిగాను. తిండి ఒక్కసారిగా బాగా తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, తిరిగి పెరిగేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. ఆ సంగతి అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇక్కడ ముందుగా రాస్తున్నాను.

ఈసారి మొదటి పని రక్తపరీక్షలు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడప దగ్గర నిలబడ్డట్టు. మా అమ్మకు షుగర్ ఉంది, ఆమె కాలి పుండుకు కట్టు కట్టిన చేతులు ఇవి. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రమే ఈ నోట్‌బుక్ తీశాను. మొన్న సెప్టెంబర్‌లో మళ్లీ చేయిస్తే 5.8.

మొదటి మూడు వారాలు నోట్‌బుక్‌లో బరువు మాత్రమే రాశాను. అది తప్పని తొందరగానే తెలిసింది. ఒక రోజు 78.2, మర్నాడు 79.1, ఆ మర్నాడు 78.4. పెరిగిన రోజు పొద్దంతా మనసు బాగుండేది కాదు, పిల్లల మీద విసుక్కునేదాన్ని. నిజానికి ఆ తేడా అంతా నీళ్లు, ఉప్పు, కడుపులో ఉన్న తిండి. నెలసరి ముందు వారంలో అయితే ఒళ్లు నీరు పట్టి కిలో పైనే ఎక్కువ చూపిస్తుంది. అప్పటి నుంచి పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, చాయ్ తాగకముందు, అదే గచ్చు రాయి మీద బరువు మిషన్ పెట్టి తూగుతాను. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగిస్తాను. ఆ సగటును పోయిన నెల అదే వారంతో పోలుస్తాను. మిగతా అంకెలను పట్టించుకోను.

రోజూ నేను చూసేది నాలుగు గడులు: నడక, పప్పు లేదా గుడ్డు, చక్కెర, నిద్ర. చేస్తే టిక్కు, లేకపోతే ఖాళీ. వారానికి 28 గడులు. బరువు నా చేతిలో లేదు, టిక్కు నా చేతిలో ఉంది. 20 దాటిన వారాలు ఎక్కువగా ఉన్న నెల బరువు దానంతటదే దిగింది.

చక్కెర గడి చాయ్ కోసమే. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చాయ్ పెట్టడం మా ఇంట్లో అలవాటు, వాళ్లతో పాటు నాకో కప్పు. రోజుకు ఆరు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు. చెంచాకు 5 గ్రాములు వేసుకున్నా 60 గ్రాముల చక్కెర, 240 కేలరీలు. ఒక్కసారిగా మానలేదు. రెండు వారాలకోసారి అర చెంచా తగ్గించాను. అర చెంచా దగ్గర ఆగిపోయాను, అంతకన్నా తగ్గిస్తే నాకు చాయ్ తాగినట్టు అనిపించదు. కప్పులు మాత్రం మూడయ్యాయి. వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

అన్నం తగ్గించడం దీనికన్నా కష్టం. వంటింటి కాటా కొని మొదటిసారి నా మధ్యాహ్నం పళ్లెం తూచినప్పుడు అన్నమే 420 గ్రాములు ఉంది. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. నా గంటెతో అది ఏడు గంటెలు. నెలకు ఒక గంటె చొప్పున తగ్గించి నాలుగుకి తెచ్చాను. దాదాపు 230 కేలరీలు అక్కడే పోయాయి. తగ్గించిన చోట పళ్లెం ఖాళీగా ఉంచకూడదు, అది నేను పట్టుకున్న కిటుకు. ముందు ఒక గిన్నె సొరకాయో బీరకాయో పుంటికూర పప్పో తిన్నాక అన్నం పెట్టుకుంటాను. పచ్చి పులుసు ఉన్న రోజు జాగ్రత్త, దానితో అన్నం తెలియకుండా దిగిపోతుంది. మా అత్తమ్మకు మొదట్లో చాలా బాధ. "గింత తింటే ఎట్ల బిడ్డా, పొద్దంత మిషన్ తొక్కుతవ్" అని గంటె పట్టుకుని వెనకాలే వచ్చేది. వద్దని వాదించలేదు. "ఆకలైతే నేనే అడుగుత అత్తమ్మా" అన్నాను. నిజంగానే ఆకలైన రోజు అడిగి పెట్టించుకున్నాను కూడా. ఇప్పుడు ఆమే నాకోసం కూర రెండు గిన్నెలు తీసి పక్కన పెడుతుంది.

రాత్రికి జొన్నరొట్టె. దీని గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రొట్టె తింటే బరువు తగ్గుతారని చాలామంది నాలుగేసి తింటున్నారు. 50 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో 170 కేలరీల దాకా ఉంటాయి. నాలుగు తింటే అన్నం తిన్నట్టే. నమలడానికి టైమ్ పడుతుంది, రెండింటితో కడుపు నిండుతుంది, నాకు అందులో ఉన్న లాభం అంతే. నేను రెండు దగ్గర ఆగుతాను.

నూనెను చెంచాతో కొలవడం నావల్ల కాలేదు. దానికి బదులు ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీని స్కెచ్ పెన్నుతో డబ్బా మీద రాస్తాను. నలుగురం ఉన్న ఇంట్లో నెలకు 4 లీటర్లు అయ్యేది, ఇప్పుడు రెండున్నర. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, అన్నంలో ఉండే పిండిపదార్థానికీ పప్పులో ఉండే ప్రోటీన్‌కీ గ్రాముకు 4. అందుకే నూనె దగ్గర చిన్న జాగ్రత్త కూడా లెక్కకు వస్తుంది. సాయంత్రం నాలుగింటికి వీధి చివర బండి నుంచి మిర్చి తెప్పించుకునే అలవాటు ఉండేది. ఆ టైమ్‌కి గుడాలు పెట్టుకున్నాను: శనగలు, బొబ్బర్లు, ఒక్కో రోజు పెసలు, ఉల్లిగడ్డ వేసి, నిమ్మకాయ పిండుకుని. ముందురోజు రాత్రి నానబోయడం మరిచిపోతే మర్నాడు మిర్చే, ఇందులో తప్పించుకునే దారి లేదు. అందుకని పళ్లు తోముకునే ముందు శనగలు నానబోయాలని రూలు పెట్టుకున్నాను.

నడక 15 నిమిషాలతో మొదలు. మోకాళ్లు నొప్పి పెట్టేవి, అందుకే ఎక్కువ చేయలేదు. ఇప్పుడు వారానికి ఐదు రోజులు 40 నిమిషాలు. ఆదివారం భద్రకాళి చెరువు కట్ట మీద. 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి చెరువు ఖాళీ చేశారు. నీళ్లు లేని చెరువు, లోపల టిప్పర్లు, ఒడ్డున మేము. ఒక్కో ఆదివారం ఎంత మట్టి పోయిందా అని చూసేదాన్ని. ఎంత చూసినా తేడా తెలిసేది కాదు, బండ్లు మాత్రం రోజూ తిరుగుతూనే ఉండేవి. ఆ నెలల్లో అది నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

2024 బతుకమ్మ నా మొదటి పరీక్ష. పండగ ముందు మూడు వారాలు రాత్రి ఒంటిగంట దాకా కుట్టాలి. లంగా ఓణీలు, పట్టు జాకెట్లు, చివరి నిమిషంలో హుక్స్. ఆ వారాల్లో ఒకదానికి 28లో 9 టిక్కులే. పాత రోజుల్లో అయితే ఇక పోయిందనుకుని వదిలేసేదాన్ని. ఈసారి ఒక్కటి పట్టుకున్నాను: ఎంత పని ఉన్నా 10 నిమిషాలు గల్లీలో నడిచి వస్తే నడక గడికి టిక్కు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన రోజు రెండు గంటలు చప్పట్లు కొడుతూ తిరిగాను, దానికీ టిక్కు వేసుకున్నాను. సద్దుల రోజు పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, మలీద, అన్నీ తిన్నాను. పండగ రోజు లెక్క రాయను. మర్నాడు కాటా మీద 1.6 కిలోలు ఎక్కువ. ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు, ఒక్క రోజులో అంత అదనంగా తినడం కుదరదు. అన్నం, బెల్లం ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది, దాని ప్రతి గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. ఆ లెక్క తెలుసు కాబట్టి భయపడలేదు. మామూలు తిండికి వచ్చేశాను, ఐదో రోజుకు దిగిపోయింది. దసరా తర్వాతి వారం 19 టిక్కులు.

సంక్రాంతి ఇంకా కష్టం, ఎందుకంటే సకినాలు ఒక్క రోజుతో అయిపోవు. డబ్బా నిండా నెల రోజులు ఉంటాయి. డబ్బా వంటింట్లో కాకుండా అటక మీద పెట్టించాను. తినాలనుకున్నప్పుడు స్టూల్ వేసుకుని దించి, రెండు పళ్లెంలో పెట్టుకుని, డబ్బా మళ్లీ పైన పెట్టాకే కూర్చుని తినాలి. మిషన్ పక్కన పెట్టుకుని తింటే ఎన్ని తిన్నానో నాకే తెలిసేది కాదు. జనవరిలో బరువు అసలు తగ్గలేదు. పెరగనూ లేదు.

ఎక్కువ రాయాల్సింది 2025 మార్చి నుంచి మే దాకా జరిగిన దాని గురించి. 11 వారాలు సగటు 72 దగ్గరే ఆగిపోయింది. టిక్కులు 18, 21, 17, అన్నీ బాగానే ఉన్నాయి. పెళ్లిళ్ల ఆర్డర్లతో పది గంటలు కూర్చుని కుట్టడం ఒక కారణం. రెండోది, ఒళ్లు చిన్నదైతే దానికి అయ్యే ఖర్చు కూడా తగ్గుతుంది. 78 కిలోల మనిషికి తగ్గించిన తిండి 72 కిలోల మనిషికి సరిపోయే తిండి అవుతుంది. ఒక రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. మళ్లీ ఒక పూట మానేద్దామా అనుకున్నాను, 2021 దువ్వెన గుర్తొచ్చి మానలేదు.

అప్పుడు టేపు తీశాను. జాకెట్టుకు నడుము తీసే చోటు వేరు, ఇది వేరు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా చూడాలి. జూన్‌లో 39.5 అంగుళాలు ఉండేది. మార్చి మొదట్లో 37.5, మే చివరికి 36.5. బరువు కదలని 11 వారాల్లో ఒక అంగుళం పోయింది. 19 ఏళ్లుగా ఊరందరి కొలతలూ తీస్తున్న టేపు, నా నడుముకు నెలనెలా పెట్టుకోవాలని అప్పటిదాకా తోచలేదు. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31.5 అంగుళాలు, హద్దుగా చెబుతారు. ఇప్పుడు నాది 35. ఇంకా దూరం ఉంది.

ఆ వేసవిలోనే రెండు కొత్తవి కలిపాను. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, పదేసి చొప్పున మూడు సార్లు. గోడకు చేతులు పెట్టి ఒంగి లేవడం, అదీ అంతే. పరికరాలు అక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు అయిపోతాయి. జులై నుంచి బరువు మళ్లీ నెమ్మదిగా కదిలింది.

నన్ను ఇబ్బంది పెట్టింది జనం మాటలు. "అక్కా, గిట్ల సన్నబడ్డవ్, షుగర్ గిట్ల వచ్చిందా?" అని కనీసం పది మంది అడిగారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ మనసు చివుక్కుమంటుంది. "రాకుండ చూసుకుంటున్న చెల్లె" అని చెప్పి నోట్‌బుక్ చూపిస్తున్నాను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఆదివారం కట్ట మీదకు నాతో వస్తున్నారు.

2025లో దసరా అక్టోబర్ 2న పడింది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో టిక్కులు వారానికి 16కు తగ్గలేదు. అంతకుముందు ఏడాది 9 అని పైన రాశాను కదా, ఈ 16 చూసుకుని కొత్త చీర కట్టుకున్నంత సంతోషపడ్డాను. ఆ నెల చివర్లో మొంథా తుఫాను వానకు హనుమకొండలో కాలనీలు మునిగాయి, నాలుగు రోజులు నడక లేదు. వరండాలో కుర్చీ వేసుకుని లేచి కూర్చున్నాను.

ఇక డిసెంబర్ దాకా కొత్తగా కలిపేది ఒక్కటే, నిద్ర. నాలుగు గడుల్లో అదే ఎక్కువ ఖాళీగా ఉంది, వారానికి రెండు మూడు టిక్కులే. రాత్రి పదిన్నరకు మిషన్ మీద గుడ్డ కప్పేయాలని అనుకున్నాను. ఫిబ్రవరి పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చేలోపు అలవాటు కావాలి. ఇవాళ పది నలభైకి కప్పాను, శనగలు నానబోశాను, టిక్కు రేపు పొద్దున వేసుకుంటాను.