సాన పట్టే బల్ల దగ్గర మైనర్ లీగ్ హాకీ: నా అనుభవం

ఐస్ హాకీ స్కేటుకి సాన పట్టడమంటే కత్తికి పట్టినట్టే అనుకుని వెళ్లాను. కానే కాదు. కత్తికి ఒకటే అంచు. స్కేటు బ్లేడు అడుగుభాగం దాదాపు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, దాని మధ్యన పొడుగునా కాలువలాంటి గుంత పడాలి. అప్పుడు లోపలివైపొకటి, బయటివైపొకటి అంచులు నిలుస్తాయి. ఆటగాడు తిరిగేదీ ఆగేదీ వాటిమీదే. అమెరికాలో ఐస్ హాకీ మూడో మెట్టు లీగ్ అయిన ఈసీహెచ్‌ఎల్‌లో ఒక జట్టు సామాన్ల గదిలో సహాయకుడిగా చేరాక ముందు నేర్చుకున్నది ఇదే.

ఆ గుంతకి 'హాలో' అని పేరు. హాలో 1/2 అంటే అరంగుళం వ్యాసార్ధమున్న వృత్తంలోంచి తీసిన ముక్క. అంకె చిన్నదయ్యేకొద్దీ గుంత లోతవుతుంది. పట్టు పెరుగుతుంది, జారుడు తగ్గుతుంది. బరువైనవాళ్లు తరచు 5/8 అడుగుతారు, తేలికైనవాళ్లు 7/16, 3/8 దాకా దిగుతారు. మైనర్ లీగ్ (పెద్ద లీగ్ కింది లీగ్‌ల) ఊళ్లలో ఆట జరిగే హాల్లోనే కచేరీలూ జరుగుతాయి కాబట్టి మంచు ఒక్కోసారి మెత్తబడి ఉంటుంది. లోతు హాలో మెత్తటి మంచులో దిగబడిపోతుంది, అలాంటి రోజు ఒక మెట్టు లోతు తగ్గించమంటారు.

పని వరస ఇదీ. వేలిగోరును అంచుమీద అడ్డంగా లాగితే సన్నటి పొట్టు లేవాలి. జారిపోతే మొద్దు, ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాటు పడిందన్నమాట. స్కేటును పట్టి ఉంచే చట్రంలో బిగించి, సానచక్రం అంచుని వజ్రపు మొనతో కావలసిన వ్యాసార్ధానికి చెక్కాలి. తర్వాత బ్లేడును చక్రానికి ఆనించి ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో చివరిదాకా లాగాలి. మూడు నాలుగు సార్లు చాలు. ఆఖరిసారి దాదాపు ఒత్తకుండా లాగాలి, నునుపంతా అక్కడే వస్తుంది. అంచు పక్కన రేకులా లేచిన ఉక్కుని సన్నటి రాయితో తీసేయాలి. రాయి బ్లేడు చెంపకి పూర్తిగా ఆనాలి, రవ్వంత వంచినా ఇందాక తెచ్చిన అంచు గుండ్రబడిపోతుంది. తడి తుడవడం మరిస్తే తెల్లారేసరికి తుప్పు.

పని చెడేది ఎక్కువగా మూడు చోట్ల. బ్లేడు చక్రానికి సరిగ్గా మధ్యన లేకపోతే ఒక అంచు ఎత్తు, ఒకటి పల్లమవుతుంది. ఆటగాడు వచ్చి "ఎడమవైపు తిరిగితే జారుతోంది" అంటాడు, పాపం తన కాలినే అనుమానిస్తాడు. రెండంచులమీదా చిన్న ఇనప బద్ద అడ్డంగా పెట్టి, అది బ్లేడు చెంపకి లంబంగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. చట్రం మర తిప్పి ఎత్తు సరిచేసి మళ్లీ లాగాలి. రెండోది, ముందు కొనా మడమా దగ్గర చెయ్యి ఆగడం. అక్కడ ఉక్కు ఎక్కువ అరిగి బ్లేడు వంపే మారిపోతుంది, దాన్ని తిరిగి తేవడం ఒక్క రోజు పని కాదు. మూడోది తొందర. గట్టిగా ఒత్తితే ఉక్కు నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన చోట చేవ పోయినట్టే, పదును ఒక పీరియడ్ (మ్యాచ్‌లో మూడో వంతు) కూడా నిలవదు.

తొందరపడక తప్పనిది శుక్ర, శని, ఆదివారాలు వరసగా మ్యాచ్‌లున్నప్పుడు. రాత్రి ఆట ముగిశాక తడిసిన సామానంతా బస్సెక్కించి, తెల్లవారుజామున ఇంకో ఊళ్లో దించి, ముందు చేతితొడుగులూ స్కేట్లూ ఫ్యాన్ల కింద ఆరబెట్టి, ఆ తర్వాతే సాన.

ఆటగాడికి పై లీగ్ నుంచి పిలుపు వచ్చిన రోజు ఇంకో పని. మెట్లు ఇలా ఉంటాయి: ఎన్‌హెచ్‌ఎల్‌లో డెట్రాయిట్, దాని కింద ఏహెచ్‌ఎల్‌లో గ్రాండ్ ర్యాపిడ్స్, ఆ కింద ఈసీహెచ్‌ఎల్‌లో టొలీడో. పైనెవరికో దెబ్బ తగిలితే కిందివాడికి ఫోను. ఏహెచ్‌ఎల్ ఒప్పందం లేనివాడైతే 25 మ్యాచ్‌ల దాకా చెల్లే ట్రయౌట్ (ఆడించి చూసే) ఒప్పందంమీద వెళతాడు. స్కేట్లూ భుజాల ప్యాడ్లూ తనవే తీసుకెళతాడు. హెల్మెట్ అక్కడిది. నిక్కరు రంగు కలవకపోతే దానిమీదే కొత్త జట్టు రంగు తొడుగు వేస్తారు. నేను సంచి జిప్పుకి కార్డు కడతాను: హాలో అంకె, హాకీ కర్ర కొస వంపు, కర్ర ఎంత వంగుతుందో చెప్పే అంకె. కార్డు లేకపోతే అక్కడివాళ్లు తమకలవాటైన అంకెకే సాన పట్టేస్తారు, కుర్రాడు జీవితంలో మొదటి ఏహెచ్‌ఎల్ మ్యాచ్ పరాయి కాళ్లతో ఆడినట్టవుతుంది. ఎవరు పైకి పోతారో ముందే చెప్పలేం కాబట్టి కార్డు అందరికీ ఉండాలి. 2007-08లో రెడింగ్ జట్టు తరఫున ఈసీహెచ్‌ఎల్‌లోనే ఆడిన గోల్‌కీపర్ జొనాథన్ క్విక్, 2012లో లాస్ ఏంజెలెస్‌తో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు.

పైకి పోనివాళ్లకి 260 అనే అంకె అడ్డొస్తుంది. 260 మ్యాచ్‌లు దాటినవాళ్లు వెటరన్ల కింద లెక్క, ఈసీహెచ్‌ఎల్ జట్టు అలాంటివాళ్లని నలుగురినే ఆడించగలదు. ఏడాదికి 72 మ్యాచ్‌లు, నాలుగో సీజన్లోనే ఆ గీత దాటిపోతుంది. బాగా ఆడుతున్నా చోటు ఇరుకవుతుంది. చాలామంది అప్పుడు ఇంగ్లండ్‌కో జర్మనీ రెండో డివిజన్‌కో సర్దుకుంటారు. జర్మనీ వెళ్లేవాళ్లకి కార్డు మళ్లీ రాస్తాను. అక్కడ కొలత మిల్లీమీటర్లలో, 1/2 ఉన్నచోట 13, 5/8 ఉన్నచోట 16.