చూసి వేసిన బొమ్మ

"అది వేరేవాళ్ల బొమ్మ కదమ్మా, చూసి వేస్తే చీటింగే" అని మా పదకొండేళ్ల అమ్మాయి పెన్సిల్ కింద పెట్టేసింది. నేను తన ముందుంచింది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1637లో నల్ల చాక్‌తో వేసిన ఏనుగు. ఈ వేసవి సెలవుల్లో గొప్ప చిత్రకారుల బొమ్మలు చూసి వేస్తే చెయ్యి బాగా తిరుగుతుందని నా నమ్మకం. తనకేమో అది అవమానంలా తోచింది.

మేముంటున్న ఈ పరాయి దేశపు బళ్లో చిన్నప్పటి నుంచీ వాళ్లకు చెప్పేది ఒకటే: నీ బొమ్మ నీదై ఉండాలి. అందులో మంచి లేదని అనను. నా చిన్నప్పుడు "నీకేం వెయ్యాలనుంది?" అని నన్నెవరూ అడగలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించడమే మాకు డ్రాయింగ్. "అచ్చు గుద్దినట్టు దించావే" అంటే ఆ రోజంతా నేల మీద నిలిచేవాళ్లం కాదు. తను పెరుగుతున్నది ఆ మాటే మెచ్చుకోలు కాని చోట. అందుకే తన అభ్యంతరాన్ని మొండితనమని కొట్టిపారేయలేకపోయాను. అలాగని వదిలెయ్యనూ లేదు.

అబుల్ హసన్ గురించి చెప్పాను. 1600 ప్రాంతంలో, పదమూడో ఏట, ఈ మొఘల్ కుర్రాడు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1511లో చెక్కి అచ్చు తీసిన శిలువ దృశ్యంలోంచి ఏసు శిష్యుడు సెయింట్ జాన్‌ని మాత్రం తీసుకుని వేశాడు. ఆ కాగితం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. పెద్దయ్యాక జహంగీర్ అతనికి నాదిర్ ఉజ్ జమాన్, అంటే కాలానికే అద్భుతం, అని బిరుదిచ్చాడు. ఆ తర్వాత, 1656-61 మధ్య, నెదర్లాండ్స్ దాటి ఎన్నడూ వెళ్లని రెంబ్రాంట్ మొఘల్ చిత్రాలు సంపాదించి వాటిని చూసి వేశాడు. అలాంటివి ఇరవైకి పైగా మిగిలాయి. చెట్టు కింద కూర్చున్న నలుగురు ముల్లాల బొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అప్పటికే ఆయన యాభైలు నడుస్తున్న ఉద్దండుడు. వాళ్ల కళ ఇటూ మన కళ అటూ ఇలా చేతుల మీదుగానే నడిచిందని చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది.

తను అంతా విని, "వాళ్లు అసలు బొమ్మ ఎవరిదో రాశారా?" అని అడిగింది. మంచి ప్రశ్న. అప్పటి నుంచి కాగితం కింద "రెంబ్రాంట్ బొమ్మ చూసి" అని రాసి, తారీకు వేసి, తన పేరు పెట్టడం అలవాటు చేశాను. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని చూసి వేసేవాళ్లు అసలు బొమ్మ సైజులో వెయ్యకూడదనే నియమం ఉందంటే తనకు భలే నచ్చింది. చీటింగ్ కాకుండా కాపలా ఉందన్న ధీమా వచ్చినట్టుంది.

ఏనుగును మొదట ముడతలతో మొదలుపెట్టింది. ఒక్కో ముడతా శ్రద్ధగా గీసింది. చివరికి ఏనుగు బరువంతా పోయి, ఆరేసిన దుప్పటిలా తేలింది. కళ్లు సగం మూసి చూడమన్నాను. అలా చూస్తే ముడతలు పోయి చీకటి వెలుగులు మిగులుతాయి. పొట్ట కింద, చెవి వెనక ఆయన గట్టిగా నొక్కాడు, వీపు మీద చాక్ ఆనీ ఆనకుండా నడిపాడు. కొత్త కాగితం మీద తను ముందు ఆ నీడలే పరిచింది. కాసేపటికి తొండం దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఆయన చెయ్యి ఎత్తేశాడమ్మా, గీత తెగింది" అంది. నేను అది చూడనే లేదు. చూసి వెయ్యడంలో ఉన్నదంతా అదేనని నా నమ్మకం. పైపైన చూస్తే ఏనుగు కనిపిస్తుంది, చేత్తో వెంబడిస్తే వేసినవాడి నిర్ణయాలు కనిపిస్తాయి.

అడిగితే నేను చెప్పగలిగింది కొంచెమే. రంగుల చిత్రాలకన్నా గీతల బొమ్మలతో మొదలెట్టండి, చెయ్యి ఎటు కదిలిందో వాటిలో దాగదు. పల్చటి కాగితం పెట్టి ట్రేస్ చెయ్యనివ్వద్దు, అక్కడ కంటికి పని ఉండదు. ముఖం కుదరక విసుక్కుంటుంటే అసలు బొమ్మను తలకిందులుగా పెట్టండి. ముక్కు, కన్ను అనే పేర్లు మరిచిపోయి వంపులే చూస్తారు. పూర్తయ్యాక రెండూ మూసేసి జ్ఞాపకం మీద ఇంకోసారి వెయ్యమనండి. కంటికి ఎంత అందిందో అక్కడ తెలుస్తుంది.

ఎవరి బొమ్మలన్న దగ్గర మాత్రం మాకు పేచీ వచ్చింది. రవివర్మవి వెయ్యాలని నా పట్టుదల. మన బొమ్మలు తన చేతి మీదుగా వెళ్లాలని ఆశ. తనకు జపాన్ కామిక్స్, అదే మాంగా, కావాలి. అవి గొప్ప బొమ్మలు కావని తోసిపుచ్చబోయి ఆగాను. జపాన్ చిత్రకారుడు హొకుసాయి 1814 నుంచి అచ్చు వేయించిన, మాంగా అనే పేరున్న స్కెచ్ సంపుటాలు శిష్యులు చూసి నేర్చుకోవడానికి వేసినవే. రవివర్మ ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాడు. ఆయన్ని మళ్లీ బయటికి తియ్యాలన్న కోరిక నాకు పోలేదు, అది కళ కోసమో, నా కోసమో విడదీసి చెప్పలేను.

అసలు భయం ఇంకొకటి. నేను చిన్నప్పుడు ఏ బొమ్మనైనా దించేదాన్ని, కానీ ఎదురుగా ఉన్న కుర్చీని వెయ్యమంటే చెయ్యి సాగేది కాదు. ఎవరో ఒకరు ముందే గీత చేసి పెట్టకపోతే నాకు గీత దొరికేది కాదు. అందుకే ఒకరోజు చూసి వెయ్యడం, మర్నాడు ఇంట్లో వస్తువో మనిషో అని నియమం పెట్టాను. రెండోదానికి పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. మొదటిదానికి ఇంకా నేను పిలవాలి. పిలవడం ఎప్పుడు మానాలో ఎవరైనా చెబితే బాగుండు.

వారం వారం వీడియో కాల్‌లో మా అమ్మకు నేను ముందు చూపించేది చూసి వేసినవే. పోలిక కుదిరిందని అమ్మ మురిసిపోతుంది, నేనూ మురిసిపోతాను. "నావెప్పుడూ చూపించవు" అంది మొన్న మా అమ్మాయి. ఈసారి నీవే ముందు చూపిస్తానన్నాను. "బాగా రాకపోయినా?" అని అడిగింది. బాగా రావడమంటే ఏమిటో ఈ వేసవంతా రెంబ్రాంట్ బొమ్మతో పోల్చి చూపిస్తూనే తనకు చెప్పాను. అందుకని నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.