కడుపుతో ఉన్నవాళ్లు దోమల క్రీమ్ పూసుకోవచ్చా?

మా చెల్లికి ఆరో నెల. వాళ్ల ఆడపడుచు పెళ్లికి వచ్చే వారం శంషాబాద్ నుంచి విమానంలో తిరువనంతపురం వెళ్తోంది. డాక్టరమ్మ వెళ్లొచ్చన్నారు కానీ, దోమ కుట్టకుండా చూసుకోమని గట్టిగా చెప్పారు. ఆవిడ చెప్పిన డీట్ (దోమల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న క్రీమ్ తెస్తే మా అమ్మ ససేమిరా అంది. "కడుపుతో ఉన్న పిల్లకి ఆ మందులన్నీ పూస్తారటే? వేపాకు పొగ వేస్తే చాలదూ?"

చాలా ఇళ్లలో ఇదే భయం. అందుకే అమ్మకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. థాయ్‌లాండ్-బర్మా సరిహద్దు శిబిరాల్లో 897 మంది గర్భిణులతో ఒక పరిశోధన చేశారు. నాలుగో నెల నుంచి కొందరు రోజూ 20 శాతం డీట్ పూసుకున్నారు, మిగతావాళ్లు పూసుకోలేదు. పుట్టిన పిల్లల్ని ఏడాది వరకూ గమనించారు. ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇది విన్నాకే అమ్మ మెత్తబడింది.

మనకి దోమ అంటే రాత్రి గుర్తొస్తుంది. మలేరియా దోమ రాత్రిళ్లు కుట్టేదే. దాని కడుపులో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది కూడా మన సికింద్రాబాద్‌లోనే. కానీ డెంగీని, జికా అనే వైరస్ జబ్బుని తెచ్చే ఏడిస్ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా, సాయంత్రం చీకటి పడకముందూ. పెళ్లిలో మండపం దగ్గర కూర్చునే సమయాలే అవి! దోమతెర రాత్రికి పనికొస్తుంది, పగటికి క్రీమ్, పొడుగు చేతుల జాకెట్టు ఉండాల్సిందే. సన్‌స్క్రీన్ ముందు రాసి, ఆరాక దానిపైన డీట్ రాయాలి. బట్టల కింద పూయక్కర్లేదు.

జికా గురించి నేనింత పట్టుబట్టడానికి కారణముంది. కేరళలో 2021 జూలైలో బయటపడ్డ మొదటి కేసు తిరువనంతపురం జిల్లా గర్భిణిదే. అది సోకినవాళ్లలో ఎక్కువమందికి జ్వరం కూడా రాదు, కానీ బిడ్డ మెదడు దెబ్బతినొచ్చు, తల చిన్నదిగా పుట్టొచ్చు. దానికి టీకా లేదు, మందూ లేదు. పైగా భర్త నుంచి కూడా సోకుతుంది. జికా ఉన్నచోటికి వెళ్లొచ్చిన భర్త కాన్పయ్యేదాకా కండోమ్ వాడాలి. మా మరిదికి ఈ మాట చెప్పడానికి చెల్లి మొహమాటపడితే, డాక్టరమ్మే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడకి నిజంగా దణ్ణం పెట్టాలి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే ఇంట్లో ఉన్న బ్రూఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు. డెంగీ అయితే వాటివల్ల రక్తస్రావం ఎక్కువవ్వొచ్చు. పారాసిటమాల్ వేసుకుని అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఏ ఊరు వెళ్లొచ్చారో ముందే చెప్పాలి. వాళ్లు అడగకపోయినా సరే.